పక్క గది సంగతి చెప్పకండి

"చెప్పకండి!" అంటూ ఆమె రెండు చెవులూ మూసుకుంది.

అతడు చెప్పబోయింది ప్రేమ సంగతి కాదు. అప్పటికి పరిచయమై మూడు నిమిషాలే అయింది. పక్క గదిలో ట్రైనర్ నేర్పిన వ్యాయామం చేస్తుంటే తుంటి పట్టేస్తోందని మాత్రమే చెప్పబోయాడు.

"గోడ మీద అంతంత అక్షరాలతో రాసిపెట్టాం. చదవలేదా?" అంది ఆ క్లినిక్‌లో కొలతలు తీసుకునే ఫిజియో.

అతడు పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. రోజంతా పుస్తకాల మధ్యే ఉంటాడు గానీ చదివేది తక్కువ. గోడ మీద నిజంగానే ఉంది: 'మీరు చేసే వ్యాయామాల గురించి కొలతలు తీసుకునేవారికి చెప్పరాదు.'

"ఎందుకండీ అంత రహస్యం? మేమేమన్నా బాంబులు చుడుతున్నామా?"

"కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకి మోకాలో పిక్కో ఏదో ఒకటి దెబ్బతింటూ ఉంటుంది. కండరాలకి బలమొచ్చే వ్యాయామాలు ముందే చేయిస్తే అది తగ్గుతుందా అని చూస్తున్నాం. చీటీలు తీసి సగం మందికి అవి ఇచ్చాం, సగం మందికి ఒళ్ళు సాగదీసుకునేవి ఇచ్చాం. మీది ఏ గుంపో తెలిస్తే నా చూపు మారిపోతుంది. అప్పుడు నేను రాసిందానికి విలువుండదు."

"పొరపాటున తెలిసిపోతే?"

"మీ కాగితం వేరేవాళ్ళ టేబుల్‌కి పోతుంది. అంతే."

ఆ మాట అప్పుడు అతడికి బెదిరింపులా వినిపించలేదు. తొమ్మిదో వారానికి వినిపించింది.

అతడికి పరుగు మీద మోజేమీ లేదు. కాగితం కట్టలు మోస్తూ రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడుతున్నాడని, షాపులో కౌంటర్ చూసుకునే అక్క అతడి పేరు ఇక్కడ రాయించింది. మొత్తం ఇరవై నాలుగు వారాలు. ప్రతి శనివారం ఫిజియో ఎదుట కూర్చోవాలి. ఎన్ని రోజులు పరిగెత్తారు, ఎంతసేపు, ఎక్కడ నొప్పి అని ఆమె అడుగుతుంది. ఒంటికాలి మీద నిలబెట్టి మోకాలు వంచమంటుంది. ప్లాస్టిక్ స్కేలు పెట్టి ఆ వంపు కొలుస్తుంది.

వ్యాయామం ఊసెత్తకూడదు కాబట్టి మిగతా లోకం గురించి మాట్లాడుకోవలసి వచ్చింది. అతడి గోళ్ళలో ఎండిన జిగురు గురించి, ఆమెకు ఎప్పుడూ ఒక్క నిమిషం తేడాతో తప్పిపోయే బస్సు గురించి, చివరి పేజీ చింపేసి పుస్తకం తిరిగిచ్చే మనుషుల గురించి.

తొమ్మిదో శనివారం కుండపోతగా వాన పడింది. వచ్చింది అతడొక్కడే. ఆమె తువ్వాలు ఇచ్చింది. తల తుడుచుకుని చూస్తే ఆమె నవ్వుతోంది.

"ఇంత వానలో ఎవరన్నా వస్తారా? ఫోన్ చేస్తే సరిపోయేదిగా."

"ఫోన్లో మోకాలు ఎలా వంచమంటారు?"

ఆమె ఇంకా నవ్వింది. అతడి పని అయిపోయింది.

"అయితే అడిగెయ్యరా, ముహూర్తం పెట్టాలా?" అంది అక్క.

"కొలిచేవాళ్ళతో బయట స్నేహాలు కూడదే అక్కా. చెప్పానంటే ఆ శనివారం కూడా పోతుంది. ఇరవై నాలుగు వారాలు అయ్యాక చెప్తా."

"ఈలోగా ఇంకెవడన్నా ఎగరేసుకుపోతే?"

అయినా అతడు నోరు మెదపకుండా పదహారో వారం దాకా నెట్టుకొచ్చాడు.

పదిహేడో వారం మొదట్లో, ఒక సాయంత్రం, షాపులో పనిచేస్తూనే వ్యాయామం కానిచ్చేస్తున్నాడు. తొడలకు రబ్బరు పట్టీ బిగించుకుని, సగం కూర్చున్నట్టు వంగి, చేతిలో జిగురు డబ్బాతో బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి పీతలా పక్కకు నడుస్తున్నాడు. గుమ్మంలో చప్పుడైతే తలెత్తాడు.

ఫిజియో. చంకలో అట్ట ఊడిన పాత నిఘంటువు.

అది బలం గుంపు వ్యాయామమని ఆమెకు ఒకరు చెప్పాలా? "అయ్యో!" అని కళ్ళు మూసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. నిఘంటువుతో సహా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

శనివారం అతడి కాగితం పక్క టేబుల్ మీద ఉంది. అక్కడ చెవుల్లో వెంట్రుకలున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు.

"ఆ అమ్మాయే రాసిచ్చింది బాబూ, నీ వ్యాయామం చూశానని. ఏదీ, ఒంటికాలి మీద నిలబడు."

అతడు నిలబడ్డాడు. మనసు నిలబడలేదు.

"ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. తనంతట తనే రాసిచ్చిందంటే వదిలించుకుందామనే కదా!" అన్నాడు అక్కతో.

"లేక పిచ్చి నిజాయితీనా?" అంది అక్క. అతడు వినిపించుకోలేదు. ఆ వారం పరుగెత్తలేదు. మానేస్తున్నానని ఉత్తరం రాసుకుని మళ్ళీ శనివారం క్లినిక్‌కు వెళ్ళాడు.

ఆఫీసు గది ముందు వరండాలో ఆమే ఎదురొచ్చి ఉత్తరం లాక్కుని చదివింది.

"నొప్పి వచ్చిందా?"

"లేదు."

"మరి ఎందుకు మానేస్తున్నారు?"

"నేను పరుగు కోసం రావడం ఎప్పుడో మానేశానండీ. మీ కోసం వస్తున్నాను. మీరంటే నాకు ఇష్టం. అన్ని వారాలూ అయ్యాక చెబుదామనుకున్నాను. మీరేమో ఒక్క కాగితం రాసి నన్ను పక్కకు నెట్టేశారు."

ఆమె ఉత్తరాన్ని మడతపెట్టింది.

"షాపు సంగతి దాచేసి ఉండొచ్చు. చూసింది నేనొక్కదాన్నే. దాస్తే ఇంకో ఎనిమిది వారాలు మీరు నా ఎదుటే కూర్చునేవారు. నాకూ అదే కావాలనిపించింది. అలా అనిపించాక మీ మోకాలు నేను కొలవకూడదు. ఎంత వంగినా బాగానే వంగిందని రాసేదాన్ని."

అతడికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

"ఆ రోజు షాపుకి ఎందుకొచ్చారు?"

"చూశారుగా, నిఘంటువు. బైండింగ్‌కి."

"ఈ క్లినిక్ వెనక సందులోనే బైండింగ్ షాపు ఉంది."

"ఉంది. మీకంటే బాగా చేస్తారట కూడా."

అతడు నవ్వలేదు, నవ్వితే మాట చెదిరిపోతుందని భయపడ్డాడు. ఆమె ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

"మధ్యలో ఒకరు మానేసినా ఇన్నాళ్ళ పనికి చిల్లు పడుతుంది. ఈ మిగిలిన వారాలు పెద్దాయన దగ్గరికి వెళ్ళి బుద్ధిగా జవాబు చెప్పండి."

"మరి మీ దగ్గరికి?"

"నా దగ్గరికి రావడానికి శనివారం దాకా ఆగక్కర్లేదు."

ఆమె పని ముగిశాక అతడు పక్కనే నడిచి బస్టాపు దాకా వెళ్ళాడు. రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. ఆమె ఎక్కలేదు.