ఒక కన్ను కొత్తది

కేకుల వ్యాను డ్రైవరు లోపలికి వచ్చిన తీరు చూసి డిటెక్టివ్ మేడమ్ మొదట కుర్చీ చూపించింది, తరవాత మంచినీళ్లు ఇప్పించింది. అతను కోర్టు సమన్లు తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. మేడమ్ అసిస్టెంటు ఒకప్పుడు బస్సు కండక్టరు. ఇప్పటికీ అందరికీ కండక్టరుగారే. టికెట్టు కొననివాడి భయం వేరు, కొని పారేసుకున్నవాడి భయం వేరు. ఇతనిది రెండో రకమని ఆయనకి చూడగానే తెలిసిపోయింది.

విషయం ఇదీ. కిందటి వారం మధ్యాహ్నం కాలవ పక్క రోడ్డు మీద, కేకు బొమ్మ ఉన్న వ్యానొకటి సైకిలు మీద వెళ్తున్న లెక్కల మాస్టారుని గుద్ది, ఆగకుండా పోయింది. మాస్టారి చెయ్యి విరిగింది. ఆ బేకరీకి అలాంటి వ్యాన్లు రెండున్నాయి. ఒకటి షెడ్డులో రిపేరులో ఉందని మెకానిక్కు చెప్పాడు. ఇంకేముంది, రెండో వ్యాను ముందు ఎప్పటిదో గీత చూసి పోలీసులు ఇతని మీద కేసు పెట్టేశారు. నేరం ఒప్పేసుకుంటే తేలిగ్గా పోతుందని ప్లీడరు సలహా ఇచ్చాడట.

"లైసెన్సు పోతే నాకు ఇంకో పని రాదండీ," అన్నాడు డ్రైవరు. "ఆ రోడ్డు మీద వెళ్లిన మాట నిజమే. కానీ మూడంతస్తుల కేకుతో వెళ్లాను. ఎవర్నీ గుద్దలేదు."

"అజాగ్రత్తగా నడపడం ఒక నేరం. గుద్ది పారిపోవడం ఇంకో నేరం, అదే పెద్దది," అంది మేడమ్. "ఒప్పుకున్నావంటే రెండూ నీ నెత్తినే. చెయ్యలేదని చెప్పు. రుజువు చెయ్యాల్సింది వాళ్లు. సరేగానీ, కేకు ఉన్నప్పుడు బండి ఎలా నడుపుతావు?"

అద్దాలన్నీ బిగించి, ఏసీ పెట్టి నడుపుతానన్నాడు. వేడి తగిలితే క్రీము జారిపోతుందట. ఆ రోజు కేకు చెక్కుచెదరకుండా చేరింది. ఇలాంటి ప్రశ్న మేడమ్‌కి తప్ప ఎవరికి తడుతుందని కండక్టరుగారు లోలోపల మురిసిపోయారు.

మేడమూ కండక్టరుగారూ మాస్టారింటికి వెళ్లేసరికి, ఆయన చేతికి కట్టుతో, నోటికి ఏ కట్టూ లేకుండా కూర్చుని ఉన్నారు. పోలీసుల్ని, ప్రభుత్వాన్ని, సైకిలు కంపెనీని వరసగా దులిపేశాకగానీ అసలు సంగతికి రాలేదు.

"వాడి మొహం కాదు, నడినెత్తి చూశాను. కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం వైపు వంచేశాడు. నేను బెల్లు కొడుతూనే ఉన్నాను. వాడు ఇంకేదో వింటున్నాడు."

రోడ్డు మీద దొరికిన పసుపచ్చబడిన లైటు ముక్కని రుమాల్లో దాచారాయన. అడగనిదే ఇవ్వనని పంతం పట్టారట, పోలీసులేమో అడగలేదట.

డ్రైవరు వ్యానుకి ముందు లైట్లు రెండూ పాతవే, రెండూ నిక్షేపంగా ఉన్నాయి. అక్కణ్ణించి షెడ్డుకి వెళ్లారు. మెకానిక్కు డ్రైవరుకి స్వయానా బావ. మేడమ్‌కి కుర్చీ తుడిచి మరీ వేశాడుగానీ ఆవిడ మొహం మాత్రం చూడలేదు. అక్కడున్న వ్యానుకి ఒక లైటు మసకబారి ఉంది, రెండోది తళతళలాడుతోంది. ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయినట్టుందని కండక్టరుగారు జోకు వేస్తే, మేడమ్ నవ్వలేదు. "ఆ మాట రేపు అందరి ముందూ చెప్పండి," అంది. ఆయనకి పెద్ద బహుమతి వచ్చినట్టయింది.

మర్నాడు షెడ్డులోనే అందరూ చేరారు. డ్రైవరు, అతని అక్క, ఆవిడ మొగుడైన మెకానిక్కు, మాస్టారు.

"కేకు ఉన్న బండికి కిటికీ తెరవరు," అని మొదలుపెట్టింది మేడమ్. "మరి తెరిచి, తల వంచి, చక్రం వైపు చెవి పెట్టేది ఎవరు? చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో వెతికేవాడు. రిపేరు చేసిన బండిని ట్రయలుకి తీసుకెళ్లినవాడు. పగిలిన లైటు మార్చాడుగానీ, పాత జత పక్కన కొత్తది పట్టించేస్తుందని మరిచిపోయాడు."

కండక్టరుగారు శుక్లాల సంగతి చెప్పారు. మాస్టారు రుమాలు విప్పారు. మెకానిక్కు చేతిలోని పానా కింద పెట్టేశాడు.

"ఆగుదామనే అనుకున్నానండి. మాస్టారు లేచి నన్ను తిట్టడం అద్దంలో కనబడింది. ఫర్వాలేదు, బాగానే ఉన్నారులే అనుకుని వచ్చేశాను. కేసు వీడి మీద పడుతుందనుకోలేదు. పడ్డాక నోరు పెగల్లేదు."

అక్క అతని ముందుకి వచ్చి నిలబడింది. "నా తమ్ముడు జైలుకి పోతాడేమోనని నేను ఏడుస్తుంటే, ఎదురుగా కూర్చుని ముద్ద ఎలా మింగావయ్యా?"

మేడమ్ మెకానిక్కు వైపు తిరిగింది. ప్లీడర్ని వెంటబెట్టుకుని ఇప్పుడే స్టేషనుకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పమంది, మాస్టారి వైద్యం తనే చేయించమంది. పారిపోయిన తప్పు చెరిగిపోదుగానీ, తనంతట తాను వచ్చినవాణ్ణి జడ్జిగారు వేరే కంటితో చూడొచ్చంది.

"ఇంతకీ ఆ చప్పుడేమిటో తేలిందా?" అడిగారు మాస్టారు.

"బేరింగు పోయిందండి."

"నా సైకిలుదీ పోయింది. వచ్చాక చేసిపెట్టు."

డ్రైవరు తన వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు. బావని పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. లోపల కేకు లేకపోయినా, గుంతల దగ్గర బండిని అంత మెల్లగా, అంత జాగ్రత్తగా దించడం చూసి కండక్టరుగారి కళ్లు చెమ్మగిల్లాయి. వీధి మలుపు దాకా వెళ్లిన వ్యాను కిటికీలోంచి ఉన్నట్టుండి ఒక తల బయటికి వచ్చి చక్రం వైపు వంగింది.

"తల లోపల పెట్టు బావా!" అన్న కేక షెడ్డు దాకా వినబడింది. అప్పటిదాకా కళ్లు తుడుచుకుంటున్న అక్క పకాలున నవ్వేసింది.