గాలి తగలని మూల

"ఇది మీకు ఇవ్వను" అంది ఆమె.

ఎర్ర కాడల పామ్ మొక్కను అప్పటికే చేతుల్లోకి తీసుకున్నాడతను. జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. ఎందుకివ్వరని అడిగాడు.

"మీ ఇంటి దగ్గర గాలి ఎటు నుంచి కొడుతుందో తెలీదన్నారుగా. ఇది తడికి ఓర్చుకుంటుంది, గాలికి ఓర్చుకోదు."

"మొక్కకి సంబంధం చూస్తున్నట్టున్నారే."

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. భర్త జ్వరంతో పోయాక ఆ ఇంట్లో మిగిలింది తనూ, అత్తగారూ, పెరట్లో ఈ నర్సరీ. పుట్టింటివాళ్లు మళ్లీ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా, కొడుకును పోగొట్టుకున్న మనిషిని వదిలి ఎక్కడికీ రానని చెప్పేసేది. అత్తగారు ఆ మాటలు తన చెవిన పడనట్టే కుండీల్లో మట్టి నింపుకునేది.

అతను పడవ ఇంజన్ల మెకానిక్. మొన్నటి గాలివానకు ఇంటి ముందున్న పొడుగు చెట్లు కూలి, సగం పైకప్పు పోయిందట. అందుకని ఇప్పుడు కప్పు దాటి పెరగని చెట్లు కావాలట. రంగున్నవైతే మరీ మంచిదట. వాన మొదలైతే ఏ కిటికీ తీసినా బూడిద రంగేనని చెప్పుకొచ్చాడు.

తోట చూడకుండా మొక్క ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు. గాలి ఎక్కడెంత కొడుతుందో తెలియడానికి కొనేవాళ్ల తోటలో చోటు చోటునా కర్రలు పాతి, వాటికి గుడ్డ పేలికలు కట్టి వస్తుంది. పేలిక పీచులైన చోట ఒక రకం, నిలిచిన చోట మరో రకం. పాత గుడ్డ ఏదైనా ఉందా అని ఆ సాయంత్రం అడిగితే, అత్తగారు బీరువాలోంచి కొడుకు చొక్కా తీసి చేతికిచ్చింది. ఇన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వని చొక్కా.

"ఇది వద్దత్తయ్యా."

"చింపు. ఎన్నాళ్లని మడతపెట్టి దాచను?"

ఆ చొక్కా పేలికలే అతని తోటలో కట్టి వచ్చింది. గాలి నాలుగు రోజులు ఊపేసి తగ్గాక ఆమె మళ్లీ అతని తోటకు వెళ్లింది. గేటు దగ్గరి పేలికలు దారాలయ్యాయి. అక్కడికి సీసాలా అడుగు లావెక్కే పొట్టి పామ్‌లు చెప్పింది. వాటి ఆకు బిరుసు, లేతప్పుడు కాడలకు ఎర్ర జీర ఉంటుంది. ప్రహరీ వెంట గుబురుగా పెరిగే పసుపు కాడలవి. వంటింటి వెనక మూల పేలిక మాత్రం కట్టింది కట్టినట్టే ఉంది. ఎర్రవి అక్కడ పెట్టమంది.

అతనికి ఆ మాట నచ్చలేదు. గేటు దగ్గరైతే వచ్చేవాళ్లు చూస్తారన్నాడు. వచ్చేవాళ్లు ఒక్క నిమిషం చూసి పోతారనీ, వంటింట్లో ఉన్నవాళ్లు రోజూ చూసుకుంటారనీ ఆమె వాదించింది.

"వంటింట్లో ఉండేది నేనొక్కణ్ణే" అన్నాడతను. ఆ మూల గొయ్యి తవ్వుతున్న పార పక్కన పెట్టాడు. "ఇద్దరం చూసుకుంటే బావుంటుంది."

వాన సన్నగా పడుతోంది. ఆమె వంగి గొయ్యి అంచున మట్టి సరిచేసింది. ఇష్టం లేదని అబద్ధమాడలేకపోయింది.

"అత్తయ్య ఉంది" అంది.

"ఆవిణ్ణి వదిలేసి రమ్మని నేనన్నానా?"

"అనలేదు. కానీ ఈ మాట ఆవిడ ముందు అనడానికి నాకు నోరు రాదు. కొడుకు మళ్లీ పోయినట్టుంటుంది ఆవిడకి."

"అయితే నేను చెబుతా."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అత్తగారు నర్సరీలో పీట మీద కూర్చుని కుండీలు నింపుతోంది. అతను నేల మీదే చతికిలబడి ఉన్న మాట చెప్పాడు. అందరూ కలిసి ఉండాలని ఉందనీ, తన ఇంటికి రావడం ఆవిడకు ఇష్టం లేకపోతే తనే ఇక్కడికి వచ్చేస్తాననీ అన్నాడు. ఆమె గుమ్మం వెనక నిలబడి వింటోంది.

అత్తగారు తలెత్తలేదు. కుండీలో మట్టి అదుముతూనే ఉంది. ఆ కుండీ నిండాక కూడా అదుముతూనే ఉంది.

"కోపమొస్తే అన్నం మానేస్తుంది" అంది చివరకు. "పిలిస్తే రాదు. పక్కన కూర్చుని బతిమాలాలి. ఆ ఓపిక ఉందా నీకు?"

"నేర్చుకుంటానండీ."

"మా అమ్మాయి మొండిది. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననకు."

ఇన్నేళ్లలో ఎవరితో చెప్పినా ఆవిడ నోట వచ్చింది 'మా కోడలు' అనే. గుమ్మం వెనక ఆమె తలుపు పట్టుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తగారు అటు తిరక్కుండానే, "ఏడుపు తర్వాత, అమ్మడూ. వచ్చినవాడికి మంచినీళ్లియ్యి" అంది.