ఏడిస్తే ఏడవనివ్వండి!

"ఈ ఒక్క ఆదివారం నువ్వు అక్కడికి వెళ్ళకపోతే కొంపేం మునిగిపోదు!"

ఆ మాట అంటూనే భర్త పెట్టె మూత దఢాలున మూశాడు. ఆమె చేతిలో సగం మడతపెట్టిన చొక్కా అలాగే ఉండిపోయింది. అక్కడికి అంటే... కన్నకూతురు ఉన్నచోటికి! నడవలేని, నాలుగు మాటలు కూడబలుక్కోవడానికే ఆయాసపడే తమ గువ్వ ఉంటున్న సంరక్షణాలయానికి! పిల్లని అక్కడ చేర్పించి ఆరేళ్ళయింది. ఆ రోజు తర్వాత ఆయన ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. కనీసం పిల్ల పేరైనా పలకడు. "అది", "అక్కడ", "ఆ సంగతి"... ఇంతే!

బజారులో ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏటా కొంతమందిని కూడగట్టుకుని పరాయి దేశం వెళ్ళి, అక్కడి బడుల్లో, అనాథాశ్రమాల్లో పిల్లలకు కళ్ళు పరీక్షచేసి ఉచితంగా అద్దాలిచ్చి వస్తాడు. తిరిగొచ్చాక దండలు, ఫోటోలు, చప్పట్లు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా పెద్దలు! సొంత బిడ్డకు అన్నం తినిపించని చేతులు సముద్రాలు దాటి ఎవరి కన్నీళ్ళో తుడుస్తున్నాయి...

"నువ్వూ రావాలి. చిన్నపిల్లలు నన్ను చూస్తే బెదిరిపోతున్నారు. ఫ్రేములు సరిచెయ్యడం నీకు వచ్చుగా. తిరిగొచ్చాక ఆ సంగతి తేల్చేద్దాం."

"ఏ సంగతి?"

"అదే... ఇంటికి తెచ్చుకునే సంగతి."

ఆ ఒక్క మాటకే ఆమె బయలుదేరింది. గువ్వ దగ్గరికెళ్ళి, "ఈ ఆదివారం అమ్మ రాదు నాన్నా, పై ఆదివారం వస్తుంది" అని చెప్పింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గేదాకా పక్కనే కూర్చుంది. ప్రతి వారమూ అంతే. చెప్పకుండా ఆ గది దాటింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారిని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ముద్ద దిగదు.

పరాయి దేశంలో మొదటి రోజులు బడుల్లోనే గడిచాయి. భాష రాదు, సైగలే భాష. ఆమె ఒక్కొక్క పిల్ల చెవి వెనక వేలుపెట్టి చూసి, ఫ్రేము కాడ ఒరుసుకోకుండా కాస్త వేడిచేసి వంచేది. ఒక పిల్ల అద్దాలు పెట్టుకోగానే పక్కపిల్ల ముఖంలోకి వంగి చూసి, బుగ్గలమీది మచ్చలు ఒక్కొక్కటీ వేలితో పొడుస్తూ పకపకా నవ్వింది. రెండో పిల్లకు రోషం వచ్చి ఆ అద్దాలు లాక్కుని, తనూ పెట్టుకుని, దాని ముఖంలో లోపాలు వెతికింది! గదంతా నవ్వులే. ఆయన కూడా మోకాళ్ళమీద కూర్చుని వాళ్ళతో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఆమె గుండె కలుక్కుమంది. ఇంత నవ్వు ఎక్కడ దాచావయ్యా! నా గువ్వకి ఇందులో చిటికెడైనా పెట్టలేకపోయావే!

మధ్యాహ్నం వరండాలో భోజనాలు చేస్తున్నారు. జట్టులో అందరికన్నా పెద్దావిడ, ఉద్యోగం విరమించిన టీచరమ్మ, ఆమె పక్కన కూలబడింది.

"మీ ఆయన దేవుడమ్మా! మొదటి ఏడాదే చెప్పాడు నాతో. 'మాకు పిల్లల్లేరు టీచరమ్మా, ఈ పిల్లలే మా పిల్లలు' అని. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదనుకో!"

పిల్లల్లేరు!

ఆమె చేతిలోని గ్లాసు ఒరిగి నీళ్ళు ఒడిలో పడ్డాయి. జట్టుతోపాటు వచ్చి ఎదురుగా కూర్చున్న ఆడపడుచు గబుక్కున లేచి, తుడిచే వంకతో ఆమె చెవిలో బుసకొట్టింది.

"నోరెత్తకే అమ్మాయ్! నలుగురిలో తమ్ముడి పరువు తియ్యకు."

"నా కూతుర్ని బతికుండగానే చంపేశారు కదా వదినా..."

"చంపేదేముంది? ఊరంతా చాటింపు వేసుకోవాలా ఏం? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాంలే."

ఇంటికెళ్ళాక... ఇంటికెళ్ళాక! ఆరేళ్ళుగా ఈ మాటతోనే కదా తన నోరు కుట్టేశారు! ఆమె లేచి వెళ్ళి కుళాయి కింద ముఖం కడుక్కుంది. ఎంత కడిగినా చెంపల మంట తగ్గలేదు. ఆ పూటంతా భర్త ముఖం చూడకుండా ఫ్రేములు వంచింది. వేడి ఎక్కువై రెండు కాడలు విరిగిపోయాయి కూడా.

చివరి రోజు ఒక సంరక్షణాలయానికి వెళ్ళారు. అక్కడున్నది అచ్చం గువ్వలాంటి పిల్లలే. బస్సు దిగేముందు ఆయన అందరికీ ఎప్పటిలాగే ఒక నియమం చెప్పాడు.

"వెళ్ళేటప్పుడు ఎవరూ వీడ్కోళ్ళు చెప్పకండి. ఏడుస్తారు, మనకీ కష్టం. నేను సబ్బు బుడగలు ఊదుతాను. పిల్లలు అవి చూస్తూ ఉంటే, ఒక్కొక్కరే వెనక తలుపులోంచి జారుకోండి. తిరిగి చూడొద్దు."

ఆమెకు ఒంట్లో రక్తం సలసలా కాగింది. ఆరేళ్ళ కిందట గువ్వను వదిలేసిందీ ఇలాగే! పిల్ల ముఖం ముందు బుడగలు ఊది, అది కేరింతలు కొడుతూ ఉంటే, తన చెయ్యి పట్టుకుని బరబరా వెనక తలుపులోంచి ఈడ్చుకొచ్చేశాడు. ఇప్పటికీ గువ్వ తలుపుకేసి చూడకుండా అన్నం తినదు! గుక్క మింగి చూస్తుంది, ముద్ద నమిలి చూస్తుంది, అమ్మ ఉందో పోయిందోనని...

మధ్యాహ్నమంతా ఒక పిల్ల ఆమె మణికట్టు వదల్లేదు. వంకర తిరిగిన రెండు వేళ్ళతో గాజును పట్టుకుని, దాన్ని తిప్పుతూ తనలో తనే నవ్వుకుంటోంది. అంతలో బుడగలు లేచాయి. పిల్లలంతా తలలు పైకెత్తారు. వదినగారు జారుకుంది. ఇంకో ఇద్దరు జారుకున్నారు. టీచరమ్మ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

ఆమె మాత్రం కదల్లేదు.

"పద!" అన్నాడు భర్త పళ్ళబిగువున, బుడగల సీసా మూత బిగిస్తూ. "బస్సు ఆగి ఉంది."

"ఆగనివ్వండి. వీళ్ళకి చెప్పి వస్తాను."

"వీళ్ళకి మన భాషే రాదు. ఏం చెప్తావు?"

"మన భాష మీకు వచ్చుగా! ఆరేళ్ళయింది, కన్నబిడ్డకి మీరేం చెప్పారు?"

గుమ్మం దగ్గర టీచరమ్మ ఆగిపోయింది.

"ఏమిటమ్మా... బిడ్డేమిటి?"

"ఉందండీ నాకు కూతురు!" ఆమె గొంతు గదంతా ఖంగుమంది. "చచ్చిపోలేదు. పన్నెండేళ్ళది. ఈ పిల్లలాగే ఉంటుంది. ఈయనగారు పిల్లల్లేరని చెప్పుకుని మీ అందరిచేతా కన్నీళ్ళు పెట్టించుకుంటూ ఉంటే, అది అక్కడ తలుపుకేసి చూస్తూ కూర్చుంటుంది! ఏమండీ, పిల్లలు ఏడుస్తారని కాదు మీ బెంగ. ఆ ఏడుపు మీ చెవినపడుతుందని! ఏడిస్తే ఏడవనివ్వండి! వెళ్ళిపోతున్నామని తెలిసి ఏడ్చే హక్కు కూడా లేదా వీళ్ళకి? మూటగట్టి పారేసే సామానా?"

"అరవకు... అందరూ..."

"అందరూ వినాలి! రేపు మనూళ్ళో దిగాక నేను ఇంటికి రాను. తిన్నగా నా బిడ్డ దగ్గరికి పోతాను. దాన్ని తీసుకునే ఇంటికొస్తాను. తలుపు తీస్తారో, మూస్తారో మీ ఇష్టం!"

ఆయన ముఖం పాలిపోయింది. పెదవులు కదిలాయి.

"ఆ రోజు తిరిగి చూస్తే... వెనక్కి తెచ్చేసేవాణ్ణి. పెంచడం నావల్ల కాదని భయపడ్డాను. పిల్లల్లేరని ఒకసారి నోరుజారాను. తర్వాత ఎలా దిద్దుకోవాలో..."

"ఎలా దిద్దుకోవాలో మీకు తెలియకపోతే, శిక్ష అది మొయ్యాలా?"

టీచరమ్మ గిరుక్కున లోపలికి తిరిగింది.

"బస్సు డ్రైవరుతో చెప్పండి, ముసల్ది అప్పుడే రాదని. నాకు అరిగింది మోకాళ్ళేగానీ మనసు కాదు!"

ఆడవాళ్ళిద్దరూ మంచం మంచం దగ్గరా వంగి, తెలిసిన భాషలోనే వీడ్కోలు చెప్పారు. గాజు పట్టుకున్న పిల్ల గొల్లుమంది. ఆమె దాని వీపు నిమురుతూ కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ ఆయన చెవులు మూసుకోబోయి, చేతులు దించేశాడు.

అన్నమాట ప్రకారమే ఆమె మర్నాడు తిన్నగా గువ్వ దగ్గరికెళ్ళింది. వెనకే ఇంకో ఆటో ఆగింది. దాంట్లోంచి ఆయన దిగాడు, పెట్టెలతో సహా. ఆమె పలకరించలేదు. ఒక్క రోజులో కరిగిపోయే కోపమా అది?

గువ్వ తల్లిని చూసి చేతులాడించింది. తండ్రిని ఎవరో అనుకుని చూసింది. ఆయన మోకాళ్ళమీద కూర్చుని, "గువ్వా..." అన్నాడు. ఆ పేరు ఆయన నోట విని ఆమె గోడకేసి తిరిగి కళ్ళొత్తుకుంది.

"ఇంటికి వెళ్దామమ్మా" అని తల్లి చెప్పగానే పిల్ల నవ్వింది. తర్వాత పక్కమంచం మీది స్నేహితురాలిని చూసింది. రోజూ తనకు తలదువ్వే ఆయమ్మను చూసింది. ముఖం ముడుచుకుపోయింది. ఆయమ్మ కొంగును గుప్పిట్లో బిగించి, బావురుమంది!

ఆమె నివ్వెరపోయింది. తను ఎదురుచూసిన రోజు కూడా ఈ పసిదానికి ఎడబాటేనా! ఆమె ఆ బిగిసిన గుప్పిటకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయమ్మే కళ్ళు తుడుచుకుని, "మీరు కుర్చీ తోసుకెళ్ళిపోండమ్మా, నేను అటు తప్పుకుంటాను. కాసేపటికి అదే మరిచిపోతుంది" అంది.

"వద్దమ్మా!" అన్నాడాయన. "అందరికీ చెప్పనివ్వండి. ఎంతసేపైనా సరే."

చక్రాల కుర్చీ తనే తోశాడు. ప్రతి మంచం దగ్గరా ఆపాడు. పిల్ల ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళు కారాయి, కానీ కుర్చీ పిడి వదిలిపెట్టలేదు. "ఆయమ్మని చూడ్డానికి వచ్చే ఆదివారం నేను తీసుకొస్తాను" అన్నాడు. ఆమె ఆ మాటను నమ్మలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. ఆదివారం రానీ, చూద్దాం అనుకుంది.

ఆటోలో పిల్ల ఇద్దరి మధ్యా కూర్చుని దారిపొడుగునా ఏడుస్తూనే ఉంది.

ఊరుకోమ్మా అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.