బొట్టు పెట్టిన కంప్యూటర్

ధనరాజ్ చేసిన మొదటి తప్పు బొట్టు తుడిచేయడం.

విజయనగరంలో అతని రిపేరు షాపుకి విశాలి ఆ పాత కంప్యూటర్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఏటా దసరాకి వాళ్ల నాయనమ్మ జగదాంబ వయొలిన్‌తో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెడుతుంది. ధనరాజ్ అది మరకనుకుని, లిక్విడ్ కొట్టి తళతళలాడేలా తుడిచాడు. మెచ్చుకుంటుందేమోనని తలెత్తి చూశాడు కూడా.

"బాగుసెయ్యమన్నాను గానీ బోసిమొహం సెయ్యమన్లేదండి" అంది విశాలి.

ధనరాజ్ తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. కోపంలో కూడా ఇంత బాగుండే మనుషులుంటారని సొంతూరు పొందూరులో ఎవరూ అతనికి చెప్పలేదు మరి.

విశాలి దానిమీదే ఆన్‌లైన్‌లో పిల్లలకి వయొలిన్ నేర్పుతోంది. పాఠం మధ్యలో అది బిగుసుకుపోతోంది. శనివారం కూడా ఇలాగే అయితే మానిపించేస్తామని తల్లిదండ్రులు చెప్పేశారు. పాఠాలు పోతే ఆమె విశాఖలో మామయ్య చూసిన ఉద్యోగంలో చేరి, వయొలిన్‌ని అటకెక్కించాల్సిందే.

ఈ ముసలి ప్రాణానికి విండోస్ బరువైపోయిందని, దాని బదులు లినక్స్ అనే తేలికైన సిస్టమ్ వేస్తే సరిపోతుందని ధనరాజ్ చెప్పాడు. ఆమె ఫైళ్లన్నీ ముందే కాపీ తీసిచ్చాడు. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాడు.

ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది. లినక్స్‌లో సాదా రకాలున్నాయి, సోకు రకాలున్నాయి. ఆమెని మెప్పించాలని సోకుదే వేశాడు. తెర మీద భావనపాడు తీరం, దాని మీద ఆగకుండా కురిసే వాన.

శుక్రవారం వాళ్లింట్లో దాని మీద పాఠం నడిపి చూశారు. వాన కురుస్తూనే ఉంది. తెర మీద విశాలి బొమ్మ మాత్రం వయొలిన్ కమాను ఎత్తి అలాగే నిలబడిపోయింది.

"వాన బాగుందండి. రేపు నా పాటమేటి?" అంది.

ధనరాజ్‌కి తన మీద తనకే కోపమొచ్చింది. మీకు నచ్చాలనే సోకు చేశానని ఒప్పేసుకుని, అక్కడే కూర్చుని మొత్తం తీసేశాడు. అన్నిటికంటే సాదాదాన్ని ఎంచి, తేలికైన బ్రౌజరొకటి వేశాడు. పాఠానికి అక్కరలేనిది ఏదీ ఉంచలేదు. వాన పోయి, బూడిదరంగు తెర మిగిలింది.

శనివారం తెర మీదకి పలాస పిల్ల వచ్చింది, బొబ్బిలి పిల్లాడు వచ్చాడు, వెనకాల వాళ్ల అమ్మానాన్నలూ కూర్చున్నారు. ధనరాజ్ గుమ్మం దగ్గర నిలబడి, తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నాడు. ఒక్కసారి కూడా ఆగకుండా పాఠం పూర్తయింది. మా చిన్నదానికి కూడా నేర్పండమ్మా అని పలాస పిల్ల తల్లి అడిగింది.

విశాలి వయొలిన్ దించి, గోడకి చేరబడి, హాయిగా నవ్వింది. "ఇంత సాదాగా ఉండి కూడా పనిసేస్తన్నాదే."

"సాదాగా ఉంది గనకే పనిసేస్తన్నాదండి."

అతను దారంతా పెద్ద పెద్ద మాటలు కూడబలుక్కుని వచ్చాడు. ఇప్పుడు వాటినీ తీసేశాడు.

"నాకు మీరంటే ఇష్టమండి. అంతే."

విశాలి కమానుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. "నాకూనండి" అంది మెల్లగా. "కానీ తాళం తప్పేస్తన్నారు. నేర్సుకోవాలి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు. జగదాంబ కుంకుమ భరిణెతో వచ్చి, ముందు కంప్యూటర్‌కి బొట్టు పెట్టింది. అదే వేలితో ధనరాజ్ నుదుటనా పెట్టింది.

"ఇది తుడిసినావంటే ఊరుకోను బాబూ."