సింహాద్రి వేసిన తాళం

వంటింట్లో పోపు చిటపటలతో పాటు నూకమ్మ గొణుగుడు కూడా మొదలైంది.

"ఏటండీ, ఈ రోజూ అప్ప వీడియోలో కలవనేదు. ఎంతసేపు సూసినా తెరమీద చక్రం తిరుగుతానే ఉంది."

సింహాద్రి పేపర్లోంచి తల ఎత్తలేదు. "నెట్టు బాగోనేదు. సాయంత్రం సూత్తాన్లే."

నెట్టు నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు. మొన్న ప్లాంటు టౌన్‌షిప్‌లో, తామున్న ఇదే సెక్టర్ ఆరులో, రెండు వీధుల అవతల, రిటైరైన పెద్దమనిషికి ఎవడో పోలీసు వేషంలో వీడియో కాల్ చేశాడు. గదిలోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, దాచుకున్నదంతా ఊడ్చుకుపోయాడు. అది విన్నప్పటి నుంచీ సింహాద్రికి కంటిమీద కునుకు లేదు. రౌటర్ సెట్టింగులు తెరిచి, ఫైర్‌వాల్‌ని ఉన్నవాటిలోకెల్లా గట్టిదానికి మార్చాడు. వీడియో కాల్స్ బంద్, ఫోన్లకి వచ్చే బొమ్మలూ వీడియోలూ బంద్. కూతురు భాగ్యరేఖ ఆఫీసు లాప్‌టాప్‌కి మాత్రం దారి వదిలాడు. పాస్‌వర్డ్ మార్చి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వైఫై ఉండగా వేరే డేటా దండగని ఫోన్లన్నిటికీ మాటల రీచార్జే వేయించే మనిషి కాబట్టి, వేరే దారి కూడా లేదు.

తాళాల పట్టుదల ఆయనకి ఉక్కు ప్లాంటులో అబ్బింది. రోలింగ్ మిల్లులో మిషన్ మీద పనికి దిగేవాడు కరెంటు ఆపి, స్విచ్చికి తన తాళం తనే వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా ఇంకొకరు దాన్ని తీయకూడదు. ఒకసారి ఎవరో తొందరపడి తీసినందుకు స్నేహితుడు పోలయ్య లోపల ఉండగానే మిషన్ తిరిగింది. ఆ పాడె మోసినవాళ్లలో సింహాద్రి కూడా ఉన్నాడు. అందుకే తాళమంటే ఆయనకి ప్రాణంతో సమానం.

నూకమ్మ అప్పా అని పిలిచే అక్క పార్వతమ్మ పుట్టుకతోనే మూగ, చెవిటి. ఆవిడకి మామూలు ఫోనుతో పనిలేదు. అక్కచెల్లెళ్ళు చిన్నప్పుడు తమకి తామే కల్పించుకున్న సైగలే వాళ్ళ భాష, అది పూర్తిగా వాళ్ళిద్దరికే వచ్చు. సింహాద్రికి ఆవిడ పెట్టిన గుర్తు సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు పిడికిళ్ళు. చెల్లెలింటికి వచ్చి ఉన్న రోజుల్లో, నైట్ డ్యూటీ చేసొచ్చి మరిది పగలు పడుకుంటే, తన అడుగుల చప్పుడు తనకే వినపడని ఆ మనిషి మునివేళ్ళ మీద నడిచేది.

టిఫిను ప్లేటు ముందుండగానే పార్వతమ్మ కొడుకు సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు. సింహాద్రి వరండాలోకి వెళ్ళి ఎత్తాడు.

"చిన్నాన్నా, అమ్మకి బాగోనేదు. విజీనారం ఆసుపత్రిలో ఉన్నాం. పిన్నిని సూడాలని ఒకటే సైగలు. వీడియో తగలటం నేదు. ఓపాలి సూడవా?"

నంబరు సూరిదే. గొంతూ సూరిదే. కానీ ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలిస్తున్నారట. ఆసుపత్రి, తొందర, వీడియో... ఆ పెద్దమనిషికీ ఇలాగే తొందరపెట్టారు కదా అనుకున్నాడు సింహాద్రి.

"సాయంత్రం సూత్తాన్రా," అని పెట్టేశాడు. నూకమ్మకి చెప్పలేదు.

మధ్యాహ్నం సూరి నూకమ్మకే ఫోన్ చేశాడు. ఆవిడ వింటూ వింటూ గోడకి జారగిలబడింది. భాగ్యరేఖ పరుగున వచ్చి ఫోను అందుకుని స్పీకరు పెట్టింది.

"పోయేముందు ఆఖర్న చేతులాడించింది పిన్నీ. ఏటి సెప్పిందో మాకెవరికీ తెలవనేదు. ఫోన్లో తీసి పంపాను, నువ్వైనా సూసి సెప్పు. పొద్దున్నే చిన్నాన్నకి సెప్పాను గదా!"

భాగ్యరేఖ తండ్రి వైపు తిరిగింది.

"నీకు పొద్దున్నే తెలుసా నాన్నా?"

"మోసమేమోనని..."

"సూరి భయ్యా మోసం చేస్తాడా? రౌటర్ నువ్వే లాక్ చేశావు కదూ? నెట్ బాగోలేదని అమ్మకి అబద్ధం చెప్పావు!"

"మీ కోసమే సేసాను. ఇల్లు బాగుండాలని..."

"పెద్దమ్మ కూడా ఇంట్లో మనిషే నాన్నా! ఎవరిని బయట పెట్టావో చూసుకున్నావా? పాస్‌వర్డ్ చెప్పు!"

అప్పటిదాకా కళ్ళు తుడుచుకోకుండా కూర్చున్న నూకమ్మ మెల్లగా అంది.

"ఆయన్నడక్కే. ఏసినోడే తియ్యాలి, అదే గదా ఆళ్ళ ప్లాంటు రూలు. తియ్యండి. అప్ప ఏటి సెప్పిందో సూడాల."

ఆయన లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పోలయ్య పేరే పాస్‌వర్డ్. రెండుసార్లు తప్పు కొట్టాడు. తాళం తీశాక నూకమ్మ ఫోనులో అప్పటిదాకా తిరుగుతున్న చక్రం ఆగి, బొమ్మ కదిలింది.

మంచం మీద పార్వతమ్మ. మొహం పీక్కుపోయింది. ఎదురుగా, చెల్లెలు కనపడని ఫోను వంక చూసి, రెండు పిడికిళ్ళు పైకెత్తింది. తరువాత అరచెయ్యి చెంప కింద పెట్టుకుంది. చివరికి పెదవుల మీద వేలు ఆనించి, కొడుకు వైపు తల అడ్డంగా ఊపింది. అంతే, బొమ్మ ఆగిపోయింది.

"ఏటందే?" అన్నాడు సింహాద్రి.

నూకమ్మ మళ్ళీ ఒకసారి చూసింది.

"మరిది నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడంట. అందుకే తియ్యటం నేదంట. లేపొద్దంటంది."

సింహాద్రి ఆ ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. ప్లాంటులో ఎన్ని శవాలు చూసినా చెదరని మనిషి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"పడుకోనేదు వదినా. మెలకువగానే ఉన్నాను. మెలకువగానే ఉండి తియ్యనేదు."

ఆవిడకి ఎప్పుడూ వినపడలేదు, ఇప్పుడు కనపడదు కూడా. భాగ్యరేఖ మొహం తిప్పుకుని ఏడ్చింది. నూకమ్మ చాలాసేపు భర్తను ముట్టుకోలేదు. తరవాత ఆయన చేతుల్లోంచి ఫోను తీసుకుని, ఖాళీ అయిన ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.

"లెగండి. దుర్గ్ టేసనుకెల్లి బండెక్కాల. మనమొచ్చేదాకా అప్పని తియ్యొద్దని సూరికి సెప్పండి. ఈ పాలి మీరే సెప్పండి."

సింహాద్రి కళ్ళు తుడుచుకుని సూరికి వీడియో కాల్ కలిపాడు. మొదటిసారికే కలిసింది.