నురగ పట్టించే లిఫ్టు

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల మనిషి లేడు. తువ్వాలు చుట్టుకున్న ఒక స్టీలు ఫ్లాస్కు స్టూలు మీద కూర్చుని ఉంది. స్టూలు కదలకుండా దాని కాళ్లను తాడుతో లిఫ్టు కమ్మీకి కట్టేశారు.

లిఫ్టు కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్ అమ్మాయి పనిముట్ల సంచి కింద పెట్టి దాని వంక చూసింది. లిఫ్టుల్లో ఆమె మర్చిపోయిన గొడుగుల్ని చూసింది, కుక్కపిల్లల్ని చూసింది, ఒకసారి నిలబడే నిద్రపోతున్న పెద్దాయన్ని కూడా చూసింది. ఒంటరిగా ప్రయాణం చేస్తున్న ఫ్లాస్కును చూడటం ఇదే మొదలు.

అంతలో మెట్ల మీంచి దబదబమని చప్పుడైంది. ఐదు అంతస్తులూ పరుగున దిగొచ్చిన ఒక అబ్బాయి ఆయాసపడుతూ ఆమె ముందు నిలబడ్డాడు. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం అతని నుదుటి మీద ఇంకో కన్నులా ఉంది.

"దయచేసి దాన్ని దించకండి. ఇంకా రెండు ట్రిప్పులున్నాయి."

"ఎవరికి?"

"దానికే," అని ఫ్లాస్కును చూపించాడు.

అతను ఆ భవనంలోనే కింద గది తీసుకుని వాచీలు బాగుచేస్తాడు, పై అంతస్తులో మేనత్తతో ఉంటాడు. భవనం సంఘానికి సెక్రటరీ కూడా. ఆ పదవి అతను కోరుకున్నది కాదు. సెక్రటరీగా ఎవరుంటారని మీటింగులో అడిగినప్పుడు అందరూ పైకప్పు వంక చూశారు. అతనొక్కడే గోడ గడియారం వంక చూసి, అది రెండు నిమిషాలు వెనకబడిందని చెప్పడానికి చెయ్యెత్తాడు.

ఫ్లాస్కు సంగతి ఆమెకు వివరంగానే చెప్పాడు. ప్రతి శనివారం సాయంత్రం ఎనిమిది ఫ్లాట్లవాళ్లూ డాబా మీద కూర్చుని తలా ఒక చిన్న గ్లాసు నిమ్మకాయ కాక్‌టెయిల్ తాగుతారు. చేసేది అతని అత్తే. కమలాపండు తొక్కలు వారం రోజులు వోడ్కాలో నానేసి ఉంచుతుంది. ఆ వోడ్కా, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం, చక్కెర కరిగించి చల్లార్చిన నీళ్లు, గుప్పెడు ఐసుముక్కలు ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాతే. ఫ్లాస్కు చెయ్యి నొప్పుట్టేలా గిలక్కొట్టాలి. అప్పుడే పైన తెల్లగా, సన్నగా, చల్లగా నురగ కడుతుంది. నురగ లేకపోతే అది జలుబుకి తాగే నిమ్మనీళ్లే.

అత్తకి మోచేయి నొప్పి. అతనికేమో చెయ్యి వణకదు. ఆవగింజంత స్క్రూని గాలి తగలకుండా పట్టుకునే చెయ్యి అది. గిలక్కొట్టమని ఫ్లాస్కు ఇస్తే, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు.

"మీ లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఒక్క ఊపు ఊపుతుందండి. నాలుగు ట్రిప్పులు వేస్తే నురగ దానంతటదే వస్తుంది," అన్నాడు అతను, కంపెనీ వాళ్లకు కృతజ్ఞత చెబుతున్నట్టు.

"ఆ ఊపు తీసెయ్యడానికే నేను వచ్చింది," అంది ఆమె.

పరీక్ష మధ్యలో పెన్ను ఆగిపోయినవాడి మొహం పెట్టాడు. ఆమెకు జాలేసింది కాబోలు, మిగిలిన రెండు ట్రిప్పులకూ ఒప్పుకుంది. బదులుగా పని అయ్యేవరకూ అతను టార్చిలైటు పట్టుకోవాలంది.

పట్టుకున్నాడు. లిఫ్టు పట్టాల మీద సాఫీగా జారడానికి పక్కన చిన్న దిమ్మలుంటాయి, వాటిలో ఒకటి వదులైందని చెప్పింది. అది ఎక్కడో కనుక్కోవడానికి గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఆగిపోయిన వాచీని అతనూ అచ్చం అలాగే వింటాడు. అలా వినే మనిషి లోకంలో ఇంకొకరుంటారని అతనెప్పుడూ అనుకోలేదు.

స్క్రూడ్రైవరు ఆమె జడలోనే దోపి ఉంది. దానికోసం ఆమె మూడుసార్లు సంచంతా వెతికింది. చెబితే తీసేస్తుందని అతను మూడుసార్లూ చెప్పలేదు. నాలుగోసారి ఆమే జడ తడుముకుని, అతని వంక ఒక చూపు చూసింది. టార్చి వెలుతురు గోడ మీద గిజగిజలాడింది.

వెళ్లేముందు అతను ఆమె చేతి వాచీ నాలుగు నిమిషాలు వెనకబడిందని, ఇస్తే సరిచేస్తానని అన్నాడు. ఆలస్యంగా వెళ్లడానికి తనకున్న సాకు అదొక్కటేనని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

మరుసటి శనివారం లిఫ్టు వెన్నలా జారింది. నాలుగు కాదు, పద్నాలుగు ట్రిప్పులు వేశారు. మూత తీస్తే నురగ లేదు. డాబా మీద ఎనిమిది కుటుంబాలు తమ గ్లాసుల్లోకి చూసుకుంటూ కూర్చున్నాయి. గ్లాసు అంచులకు అద్దిన చక్కెర నాకేసి కొందరు మధ్యలోనే లేచిపోయారు.

అత్త ముప్పై ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేసింది. ఆ రోజే కంప్లైంటు టైపు చేసేసింది. 'పైన పేర్కొన్న లిఫ్టు సదరు మరమ్మతు దరిమిలా అవసరానికి మించి సాఫీగా నడుచుచున్నందున, నివాసులకు వారం వారం సంప్రాప్తించు నురగ పూర్తిగా నిలిచిపోయినది గనుక తగు చర్య తీసుకొనవలెను.' సెక్రటరీ సంతకం చెయ్యాలి. అతను ఒకసారి చదివాడు. కంప్లైంటు వెళితే మెకానిక్ వస్తుందన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ బుర్రకెక్కలేదు. సంతకం పెట్టేశాడు.

ఆమె మంగళవారం వచ్చింది. అతని దుకాణంలో గోడనిండా ఉన్న గడియారాల మధ్య నిలబడి కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇది మీ సంతకమేనా?"

అవునన్నాడు, సంతోషం దాచుకోలేక.

"లిఫ్టు ఊగుతోందని కంప్లైంటు ఇస్తారు. ఆగిపోయిందని ఇస్తారు. బాగా నడుస్తోందని కంప్లైంటు ఇచ్చింది ఈ భూమ్మీద మీరొక్కరే."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి భయం వేసింది. ఉద్యోగంలో చేరి ఐదు నెలలైందని, ఆరో నెల నిండితే పర్మినెంటు చేస్తారని చెప్పింది. ఈలోపు రెండు కంప్లైంట్లు వస్తే ఊరి చివర గోడౌన్లో నట్లూ బోల్టులూ ఏరుకుంటూ కూర్చోబెడతారట. ఒకటి ఇదివరకే వచ్చింది. ఎక్కడో లిఫ్టు పైకప్పు మీద పనిచేస్తూ ఆమె పాట పాడుకుందట, లోపలున్నాయన దాన్ని దేవుడి పిలుపు అనుకుని జడుసుకున్నాడట. ఇది రెండోది.

అతను ఇప్పుడే వెనక్కి తీసుకుంటానన్నాడు. రిజిస్టర్లో ఎక్కిన కంప్లైంటు వెనక్కి రాదని ఆమె చెప్పింది. శనివారం సూపర్‌వైజరు స్వయంగా వచ్చి చూసి కొట్టేస్తే తప్ప దారిలేదు.

"పోనీ, ఆ దిమ్మను మళ్లీ కాస్త వదులు చేస్తే?"

"లిఫ్టు ఊగితే నాకు పని రాదని రాస్తారు. ఊగకపోతే మీ కంప్లైంటు నిజమని రాస్తారు. నేను ఎటు తిరిగినా గోడౌనే." కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "గోడౌన్లో ఏ చప్పుడూ ఉండదు. నాకు చప్పుళ్లు వినడం ఒక్కటే వచ్చు."

ఆమె వెళ్లాక దుకాణంలో గడియారాలన్నీ ఒకేసారి గంటలు కొట్టాయి. తనను తిడుతున్నట్టే అనిపించింది అతనికి.

నురగ వస్తే కంప్లైంటు ఉండదు. ఆ ఒక్క దారే కనిపించింది. బుధవారం ఫ్లాస్కును బట్టలుతికే మిషన్లో తలగడల మధ్య పెట్టి తిప్పాడు. తలగడలకు నిమ్మకాయ వాసన పట్టింది. గురువారం సైకిలు వెనక కట్టుకుని గతుకుల రోడ్డు మీద తొక్కాడు. సైకిలు చక్రం వంకరపోయింది. శుక్రవారం చేత్తోనే ప్రయత్నించాడు. అత్త కుర్చీలో కూర్చుని చూసి, ఫ్లాస్కుకి జ్వరం చూస్తున్నావా, గిలక్కొడుతున్నావా అని అడిగింది.

"ఎందుకురా ఇంత హైరానా? నురగ లేకపోతే ఇంకో లిఫ్టు వెతుక్కుందాం."

"నురగ కోసం కాదత్తా. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది."

అత్త అతని మొహంలోకి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, ముప్పై ఏళ్లలో తను చేసిన మొదటి తప్పు టైపు ఆ కంప్లైంటేనని ఒప్పుకుంది.

శనివారం సాయంత్రం సూపర్‌వైజరు ఫారం పట్టుకుని వచ్చాడు. నవ్వితే ఎక్కడ లెక్క తప్పుతుందోనని భయపడే మనిషి. పక్కనే ఆమె, సంచి భుజాన వేసుకుని. ఎనిమిది ఫ్లాట్లవాళ్లూ కింద లిఫ్టు ముందు గుమిగూడారు.

లిఫ్టు ఎంత సాఫీగా నడుస్తుందో ముందు తనే నిరూపిస్తానని సెక్రటరీ అన్నాడు. సన్నటి కాడ ఉన్న గ్లాసు తీసుకున్నాడు. నిమ్మచెక్కతో అంచంతా రుద్ది, పళ్లెంలో పరిచిన చక్కెరలో బోర్లించి తిప్పాడు. తెల్లగా చక్కెర అంచు కట్టింది. అది ఆరేదాకా ఆగి, కాక్‌టెయిల్‌ను టీ వడకట్టే జల్లెడతో ఆ చక్కెరకు వెంట్రుకవాసి కిందివరకూ పోశాడు. ఒక్క చుక్క ఎగిరినా చక్కెర కరుగుతుంది, కరిగితే దాచలేం అన్నాడు. గ్లాసును స్టూలు మీద పెట్టి ఐదో నంబరు నొక్కి బయటికి వచ్చేశాడు.

గ్లాసు ఒక్కటే పైకి వెళ్లింది. తలుపు మీద అంకెలు మారుతుంటే అందరూ మెడలు సాచి చూశారు. రెండు. మూడు. ఆమె కళ్లు మూసుకుని గోడకు చెవి ఆనించింది. ఐదు. మళ్లీ నాలుగు. ఎవరికో తుమ్ము వస్తే పక్కవాళ్లు ఆ ముక్కు పట్టుకున్నారు.

తలుపు తెరుచుకుంది. సూపర్‌వైజరు భూతద్దం అడిగి తీసుకుని గ్లాసు అంచు చుట్టూ చూశాడు. ఒక్క రేణువు కూడా తడవలేదు. డ్యూటీలో ఉన్నాను గనుక తాగనని చెప్పి, చక్కెర మాత్రం వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"లిఫ్టు బాగుంది," అని ఫారంలో రాశాడు. ఎనిమిది కుటుంబాలూ చప్పట్లు కొట్టబోయాయి. "కానీ కంప్లైంటులో నురగ అని ఉంది. నురగ పోయింది వాస్తవమేనా?"

అందరూ పైకప్పు వంక చూశారు. వాస్తవమే. ఆయన కలం మళ్లీ కాగితం మీదికి వెళ్లింది. ఆమె సంచి పట్టీని గట్టిగా పట్టుకోవడం అతనికి కనిపించింది.

అతను ఫ్లాస్కు తీసుకున్నాడు. నిమ్మరసం, వోడ్కా, చక్కెర నీళ్లు, ఐసు వేసి మూత బిగించాడు. చేతులు ఎత్తాడు. ఫ్లాస్కు ఎప్పటిలాగే పసిబిడ్డలా పడుకుంది.

"అలా కాదు," అంటూ ఆమె ముందుకు వచ్చింది. "పాత లిఫ్టు ఎలా ఊగేదో నాకు తెలుసు. పైకి, పైకి, ఒక్క కుదుపు, మళ్లీ పైకి." చెప్పి ఊరుకోలేదు. అతని రెండు మణికట్లూ పట్టుకుంది.

అంతే. ఆవగింజంత స్క్రూని పట్టే చేతులు మొదట వేళ్ల దగ్గర వణికాయి. తర్వాత మోచేతుల దాకా. ఆమె భయపడి వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది. వణుకు ఆగలేదు. ఫ్లాస్కులో ఐసు గలగలలాడి, గడగడలాడి, చివరికి రైలు వంతెన మీద వెళ్లినట్టు మోగింది. ఆపమని ఎవరో అన్నారు. అతను ఆపలేకపోతున్నానన్నాడు. అత్త వచ్చి ఫ్లాస్కు లాక్కుని మూత తీసింది.

నురగ తెల్లగా, వేలెడు మందాన పొంగి ఫ్లాస్కు అంచు దాటింది. పాత లిఫ్టు ఏనాడూ అంత ఇవ్వలేదు.

సూపర్‌వైజరు ఫ్లాస్కు చూశాడు, అతని చేతులు చూశాడు, ఆమెను చూశాడు. ఫారంలో రాస్తూ పైకి చదివాడు. "నురగ లభ్యమైనది. వణుకు లిఫ్టులో లేదు, సెక్రటరీ చేతుల్లో ఉంది. మా కంపెనీకి బాధ్యత లేదు. కంప్లైంటు కొట్టివేయడమైనది." సంతకం పెట్టి, ఇంకో చిటికెడు చక్కెర వేసుకుని, పర్మినెంటు కాగితాలకు సోమవారం రమ్మని ఆమెకు చెప్పి వెళ్లిపోయాడు.

అందరికీ గ్లాసుల్లో పోసి పంచడానికి అత్త జనాన్ని డాబా మీదికి తోలింది. ఎనిమిది ఫ్లాట్లవాళ్లను ఒకే లిఫ్టులో కుక్కి, ఆ ఇద్దరికీ మాత్రం చోటు లేదంది. చోటు ఉంది.

కింద వాళ్లిద్దరే మిగిలారు. అతని చేతులు ఇంకా కుదుటపడలేదు.

"ఇది ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది ఆమె, లిఫ్టు గురించి అడిగే గొంతుతోనే.

"మీరు గోడకు చెవి పెట్టిన రోజు నుంచి. మీరు పక్కన ఉంటేనే వస్తుంది. కంప్లైంటు మీద సంతకం కూడా అందుకే పెట్టాను. మిమ్మల్ని మళ్లీ చూడొచ్చని. అది తప్పని తెలిశాక నాలుగు రాత్రులు నిద్రపట్టలేదు."

ఆమె అతని మణికట్టు పట్టుకుని దగ్గరికి తీసుకుని, దానికి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. లోపల ఏదో దిమ్మ వదులైనట్టే ఉంది చప్పుడు. బాగా విన్నాక కళ్లు తెరిచి, తన చేతి వాచీ విప్పి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది మీరు సరిచెయ్యండి. ఇకమీదట శనివారాలు నేను ఆలస్యంగా రాను."

"మరి నా చేతులు?"

"వాటిని మాత్రం," అంది ఆమె లిఫ్టు బొత్తాం నొక్కుతూ, "నేను బాగుచెయ్యను."