వెనక బండి ఉందా?

అప్పన్న తాత వరసలోంచి తప్పిపోయిన రోజు ఆదివారం. బ్రిజే వెర్దియేర్ కూడలిలో వాన అప్పుడే తెరిపిచ్చింది.

చిన్న బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి రోడ్డు పక్కన ఆగాయి. అన్నిటికంటే ముందు దాసు మామ బండి. అన్నిటికంటే చివర మంగ వాళ్ళ నాన్న జగన్నాథం బండి. అవి కోడిగుడ్డులా గుండ్రంగా ఉండే కార్లు. వాటికి పక్క తలుపులు ఉండవు. ముందు భాగమంతా ఒకటే తలుపు. బీరువా తెరిచినట్టు తెరుచుకుని దిగాలి.

ఫ్లాక్ వైపు ఊళ్ళలోనూ అలాంటి బండ్ల వాళ్ళకు ఒక క్లబ్బు ఉంది. వాళ్ళు అప్పటికే వచ్చి నిలబడ్డారు. వచ్చే నెలలోనే ఈ దీవికి స్వాతంత్ర్యం. ఆ రోజు దాసు మామ వాళ్ళ కాత్ర్ బోర్న్ క్లబ్బు, ఫ్లాక్ క్లబ్బు కలిసి ఒకే వరసలో రాజధానికి వెళ్ళాలని అనుకున్నారు. ఆ మాటలు మాట్లాడుకోవడానికే ఈ రాక.

ఫ్లాక్ క్లబ్బుకు పెద్దయిన పియర్ అందరితో చేతులు కలిపాడు. తర్వాత అటూ ఇటూ చూశాడు.

"మీ అప్పన్న ఏడీ? ఆయన్ని చూద్దామనే ఇంత వానలో వచ్చాను."

"మా వెనకే ఉన్నాడు," అన్నాడు నాన్న.

అందరూ రోడ్డు వైపు చూశారు. రెండు పక్కలా మనిషెత్తు చెరుకు. మధ్యలో తడి రోడ్డు. దాని మీద ఏమీ లేదు.

"వస్తాడులే," అన్నాడు దాసు మామ. "ఆయన బండికి రివర్స్ గేరే లేదాయె. వెనక్కి పోలేడు. ముందుకు రాక ఏం చేస్తాడు?"

అందరూ నవ్వారు. మంగ నవ్వలేదు. ఆమె ఒడి నిండా కాగితపు జెండాలు ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. వేళ్ళకు ఇంకా జిగురు అంటుకుని ఉంది.

కాత్ర్ బోర్న్ క్లబ్బుకు ఒక నియమం ఉంది. అప్పన్న తాత పెట్టిందే. ప్రతి బండీ తన వెనక బండిని చూసుకోవాలి. అది కనిపించకపోతే వెంటనే ఆగాలి. అప్పుడు ముందు బండికి నువ్వు కనిపించవు. అదీ ఆగుతుంది. అలా వరస మొత్తం ఆగిపోతుంది. ఈ బండ్లు చిన్నవి, పాతవి. దారిలో ఏదో ఒకటి మొరాయిస్తూనే ఉంటుంది. ఈ నియమం ఉంటే ఎవరూ ఒంటరిగా మిగిలిపోరు.

తాత ఎప్పుడూ వరసలో చివర ఉండేవాడు. పనిముట్ల పెట్టె ఆయన దగ్గరే ఉండేది. ఆయన ముందు మంగ వాళ్ళ బండి. సీటు వెనక ఉన్న అర మీద, వెనక్కి తిరిగి కూర్చోవడం మంగ పని. పదేళ్ళ పిల్లకు అది సరిపోయేంత చోటు. మలుపు వచ్చినప్పుడల్లా నాన్న అడిగేవాడు.

"వెనక బండి ఉందా?"

మంగ అద్దంలోంచి చెయ్యి ఊపేది. తాత లైటు వెలిగించి ఆర్పేవాడు. అప్పుడు మంగ, "ఉంది!" అనేది.

ఆ రోజు మోకా దాటాక వాన పెద్దదైంది. వెనక అద్దం ఆవిరి పట్టి తెల్లగా అయిపోయింది. తుడవాలంటే ఒడిలో జెండాలు పక్కన పెట్టాలి. పెడితే తడి జిగురు ఒకదానికొకటి అంటుకుంటుంది.

"వెనక బండి ఉందా?"

"ఉంది నాన్నా."

పెద్ద మలుపు దాటారు.

"ఇప్పుడు?"

"ఉందన్నానుగా!"

మంగ తల ఎత్తలేదు.

ఎంతసేపు చూసినా తాత రాకపోయేసరికి, కూడలి నుంచి నాన్న బండి వెనక్కి తిప్పాడు. దాసు మామ, పియర్ తమ బండ్లలో వెంట వచ్చారు. మంగ ఈసారి అద్దం శుభ్రంగా తుడిచి కూర్చుంది. ఇప్పుడు వెనక్కి చూసి లాభం లేదని ఆమెకు తెలుసు.

తాత బండి పెద్ద మలుపు దగ్గరే ఉంది. తడి రోడ్డు మీద జారి చెరుకు తోట రాళ్ళ గోడకు ముక్కు ఆనించి ఆగింది. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. కానీ తలుపు ముందే ఉంది. తలుపుకు అడ్డంగా గోడ ఉంది. బండి వెనక్కి పోదు. అలాంటప్పుడు బయటికి రావడానికే ఈ బండ్లకు పైన గుడ్డ కప్పు ఉంటుంది. తాత బండి కప్పు కారుతోందని మొన్ననే ఆయన దాని మీద రేకు కొట్టుకున్నాడు.

నాన్న, దాసు మామ వెనక నుంచి పట్టి లాగారు. బండి ఇట్టే వచ్చేసింది. అది ఎంత తేలికో మంగ చూసింది. తనలాంటి వాళ్ళు ఇద్దరు లాగినా వచ్చేది.

తాత స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. చెయ్యి హారను మీద ఉంది.

గుండె ఆగిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఎప్పుడు ఆగిందో చెప్పలేనన్నాడు. త్వరగా తీసుకొచ్చి ఉంటే బతికేవాడా అని నాన్న అడిగాడు. అదీ చెప్పలేనన్నాడు.

పెద్దకర్మ రోజున తాత ఇంట్లో భజన జరిగింది. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. తాత భార్య రంగమ్మ అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. మంగను చూసి దగ్గరకు పిలిచింది.

"ఆయన్ని చివరగా చూసింది నువ్వే కదమ్మా. మలుపు దాటాక కూడా ఉన్నాడన్నావట."

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉన్నాడే? దిగులుగా ఉన్నాడా?"

"లేదవ్వా," అంది మంగ. అవ్వ ఇంకా ఆమె ముఖంలోకే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి. "చెయ్యి ఊపాడు."

అవ్వ కళ్ళు తుడుచుకుంది. వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. "పోయే ముందు పిల్లకు చెయ్యి ఊపాడట. నవ్వుతూనే ఉన్నాడట." నవ్వాడని మంగ చెప్పలేదు. ఆ మాట అవ్వే కలుపుకుంది.

మంగ విస్తరి ముందు కూర్చుంది. ముద్ద నోట్లోకి పోలేదు.

తర్వాతి ఆదివారం దాసు మామ షెడ్డులో రెండు క్లబ్బులూ సమావేశమయ్యాయి. మంగ నాన్న పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నాకు ఒకటే అర్థం కావడం లేదు," అన్నాడు దాసు మామ. "మలుపు దాటాక కూడా అప్పన్న మావయ్య మన వెనకే ఉన్నాడు. మంగ చూసింది. మరి బండి మలుపు దగ్గర ఎలా దొరికింది?"

"వెనక్కి తిరిగి ఉంటాడు," అన్నాడు ఎవరో.

"ఎందుకు?"

"ఏమో. ఎవరికీ చెప్పకుండా వరస వదిలేశాడు."

పియర్ టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. "మో ఫ్రేర్, నా సోదరా, చచ్చిపోయిన మనిషిని ఒక మాట అనడం నాకూ ఇష్టం లేదు. కానీ నియమం పెట్టినాయనే నియమం తప్పాడు. ఇంక మనకెందుకు ఆ నియమం? జెండా రోజున ఎవరి దారిన వాళ్ళు వద్దాం. మోకా దగ్గర కలుసుకుందాం."

కొందరు తల ఊపారు.

మంగ లేచి నిలబడింది.

"తాత వరస వదల్లేదు," అంది.

"కూర్చోమ్మా. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు," అన్నాడు దాసు మామ.

"నేను చూడలేదు మామా."

"ఏం చూడలేదు?"

"వెనక్కి. అద్దానికి ఆవిరి పట్టింది. నేను జెండాలు అంటిస్తున్నాను. నాన్న అడిగినప్పుడు చూడకుండానే ఉందన్నాను. రెండుసార్లూ."

బయట వీధిలో పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తున్నాయి.

నాన్న తనను కొడతాడని మంగ అనుకుంది. ఆయన చెయ్యి ఎత్తలేదు.

"నా ముందు కూడా వెనక్కి చూసే అద్దం ఒకటి ఉంది," అన్నాడు. "అందులో దీని కాగితాలే కనిపించాయి. పక్కకు తియ్యమని నేను అనలేదు. ఆగి దిగి చూడలేదు. వానలో తడవడమెందుకని పిల్లను అడిగి ఊరుకున్నాను."

పియర్ టోపీ తిప్పడం ఆపేశాడు.

"అయితే ఆయన తప్పలేదు," అన్నాడు.

"తప్పలేదు," అన్నాడు నాన్న. "మనం ఆగుతామని కూర్చున్నాడు."

నియమం తీసేద్దామని మళ్ళీ ఎవరూ అనలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న బండిని రంగమ్మ అవ్వ ఇంటి ముందు ఆపాడు. "నేను రానా?" అన్నాడు. మంగ వద్దంది. ముందు తలుపు తెరుచుకుని ఒక్కతే దిగింది.

అవ్వ వరండాలో బియ్యం ఏరుతోంది. మంగ మొత్తం చెప్పింది. షెడ్డులో చెప్పినంత తేలిగ్గా రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

"అయితే చెయ్యి ఊపలేదా?" అంది అవ్వ.

"నాకు తెలియదవ్వా. నేను చూడలేదు."

అవ్వ చేట పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్ళింది. మంగ మెట్టు దగ్గర కాసేపు నిలబడింది. అవ్వ మళ్ళీ బయటికి రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు పొద్దున్నే బండ్లు బయలుదేరాయి. ఫ్లాక్ వాళ్ళు ముందు రోజే వచ్చి కాత్ర్ బోర్న్‌లో ఆగారు. ఇప్పుడు మంగ వాళ్ళ వెనక పియర్ బండి ఉంది. అదే ఆఖరిది. బయలుదేరే ముందు వరస కట్టినప్పుడు దాని వెనక తాత బండి పట్టేంత చోటు ఖాళీగా వదిలారు. ఎవరు చెప్పారో తెలియదు, అందరూ అలాగే నిలబెట్టారు.

"దిజెఫ్! దిజెఫ్ పె పాసే!" వీధి పిల్లలు వెంట పరుగెత్తారు. గుడ్లు పోతున్నాయట. దాసు మామ హారను కొట్టాడు.

మంగ తన అర మీద వెనక్కి తిరిగి కూర్చుంది. ఒడిలో ఏమీ లేదు. చేతిలో ఒక పాత గుడ్డ ఉంది.

"వెనక బండి ఉందా?"

అద్దం తుడిచింది. చూసింది. "ఉంది నాన్నా."

మోకా దగ్గర మళ్ళీ అడిగాడు. మంగ తుడిచింది. రోడ్డు మలుపు వరకూ చూసింది. మళ్ళీ తుడిచింది.

"లేదు నాన్నా. ఆపు."

నాన్న వెంటనే ఆపాడు. ముందు బండి ఆగింది. దాని ముందుది ఆగింది. దాసు మామ బండి వరకూ వరస మొత్తం ఆగిపోయింది. వెనక ఒక బస్సు వాడు తల బయట పెట్టి తిట్టాడు. నాన్న అప్పటికే తలుపు తెరుచుకుని రోడ్డు వెంట వెనక్కి పరుగెడుతున్నాడు. మంగ కూడా దిగి పరుగెత్తింది.

మలుపు అవతల పియర్ నిక్షేపంగా ఉన్నాడు. ఊడిపోయిన జెండాను తాడుతో బండికి కడుతున్నాడు.

"ఒక్క ముడి కోసం వరసంతా ఆపేశారా?" అన్నాడు.

"మంగ ఆపమంది," అన్నాడు నాన్న ఆయాసపడుతూ.

పియర్ మంగ వైపు చూశాడు. తాడు రెండో కొస ఆమెకు అందించాడు. ఇద్దరూ కలిసి ముడి వేశారు.

మధ్యాహ్నం రాజధాని మైదానంలో కొత్త జెండా ఎగిరింది. జనం కేకలు వేశారు. మంగ కూడా చేతులు ఎత్తింది. కేక మాత్రం రాలేదు.

తాత బండి ఇప్పుడు అవ్వ ఇంటి పెరట్లో ఉంది. దాని కప్పు మీద రేకు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎవరూ పీకలేదు. మంగ స్కూలు నుంచి వస్తూ రోజూ గేటు దగ్గర ఆగి, "అవ్వా, బజారు పనేమైనా ఉందా?" అని అడుగుతుంది.

రంగమ్మ అవ్వ ఇంకా ఆమెతో మాట్లాడలేదు.